ఫీజు వద్దన్న ఆడిటరు

“ముందు ఫీజు. ఆ తర్వాతే మాట,” అన్నాడు ఆడిటరు.

కర్టెన్లు కుట్టే ఆవిడా, వాటిని కిటికీలకు బిగించే మొగుడూ మొహమొహాలు చూసుకున్నారు. ఎదురుగా కూర్చున్నందుకే ఫీజట! డాక్టరైనా నాలుక చూశాకే కదా తీసుకునేది.

అయినా ఆ రోజు వాళ్లిద్దరి కాళ్లూ నేల మీద ఆనడం లేదు. పెద్ద రోడ్డులో, నిలువెత్తు అద్దాలున్న షాపు అద్దెకు దొరికింది. బ్రోకరు అగ్రిమెంటు కాగితం కూడా చేతిలో పెట్టాడు, ఇక సంతకాలే తరువాయి. రెండో షాపు పెట్టాక లెక్కలు చూసే మనిషి లేకపోతే ఎలాగని, నలుగుర్ని అడిగి, తెలిసినవాళ్లు చెబితే ఇక్కడికొచ్చారు.

మొగుడు మూలుగుతూ ఫీజు కవరు బల్ల మీద పెట్టాడు.

“ఇప్పుడు చెప్పండి. మీ షాపుకి జనం ఎలా వస్తారు?”

“నడిచొస్తారండీ,” అన్నాడు మొగుడు హుషారుగా.

ఆవిడ మోచేత్తో పొడిచింది. “పక్కింట్లో నేను కుట్టిన కర్టెన్లు చూసి వస్తారండీ. అలాంటివే మాకూ కావాలంటారు. మేం టేపు పట్టుకుని వాళ్లింటికే వెళ్లి కొలతలు తీసుకుంటాం.”

“అంటే షాపు చూసి ఎవరూ రారన్నమాట.”

“ఇకమీదట వస్తారండీ! ఆ షాపు మీరు చూడలేదు గనక అలా అంటున్నారు. ఆ అద్దాలేంటి, ఆ లైట్లేంటి! ఒక్క కర్టెన్ వేలాడదీస్తే చాలు, రోడ్డు రోడ్డంతా ఆగిపోతుంది!”

ఆడిటరు నవ్వుతూ అగ్రిమెంటు అందుకున్నాడు. మొదటి పేజీ సగంలోనే ఆగిపోయాడు. కళ్లజోడు తీశాడు. ఫీజు కవరు వాళ్లవైపు జరిపాడు.

“ఇది మీరే ఉంచుకోండి. ఈ విషయంలో నేను ఫీజు తీసుకోకూడదు.”

“అదేంటండీ?”

“ఒక్క మాట మాత్రం చెబుతాను. ఈ షాపు తీసుకోకండి. అది బళ్లు దూసుకుపోయే రోడ్డు, మనుషులు ఆగే రోడ్డు కాదు. మీకు కావలసింది ఇంకో ఇద్దరు కుట్టేవాళ్లమ్మా, అద్దాలు కాదు. ఇంతకీ ఫీజు ఎందుకు వద్దంటున్నానంటే, ఆ షాపు…”

మొగుడి ఫోను మోగింది. బ్రోకరు.

“సార్, ఇంకో పార్టీ అడ్వాన్సు పట్టుకుని వస్తోంది! మీరు ఇప్పుడే ఏ సంగతీ తేల్చకపోతే ఇక నా చేతుల్లో లేదు!”

ఇద్దరూ కవరు అందుకుని ఒక్క ఉదుటున లేచారు. ఆడిటరు నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

“ఫీజు వద్దన్న ఆడిటర్ని ఎక్కడైనా చూశావా?” అన్నాడు మొగుడు మెట్లు దిగుతూ.

“అదేనండీ నేనూ అనుకుంటున్నా. మన దగ్గర వద్దన్నాడంటే ఇంకెవరో ఇచ్చే ఉంటారు.”

“ఆ రెండో పార్టీ ఈయన మనుషులే అయ్యుంటారు! పద, పద!”

పక్క వీధిలోనే ఒక కుర్ర ఆడిటరు ఉన్నాడు. ఏసీ గది, గిర్రున తిరిగే కుర్చీ. “సూపర్ లొకేషన్ మేడమ్! మీరు ఎక్కడికో వెళ్లిపోతారు! మీకైతే ఫీజు సగమే,” అన్నాడు. ఫీజు మొత్తం వెనక్కిచ్చినాయన్ని అనుమానించినవాళ్లు, సగం అన్నవాణ్ణి కళ్లు మూసుకుని నమ్మేశారు. పొద్దుగూకేలోపే సంతకాలైపోయాయి.

షాపు తెరిచిన రోజు సందడి అంతా ఇంతా కాదు. ఎరుపు, పసుపు, నీలం తెరలు అద్దాల వెనక నిగనిగలాడాయి. ఆవిడ పిన్ని వాటి ముందు నిలబడి ఒకటే ఫోటోలు. మరిది బెలూన్లు ఊది ఊది సొమ్మసిల్లాడు. మొగుడు అవతలి పేవ్‌మెంటు మీదకి పరుగెత్తి, “ఇక్కణ్నుంచి ఇంకా బాగుందే!” అని అరిచాడు. ఆవిడకి ఆనందంతో కళ్లనీళ్లు తిరిగాయి.

మర్నాటి నుంచి బళ్లు దూసుకుపోయాయి. నడిచొచ్చే ఒకరిద్దరు అద్దంలో తల దువ్వుకుని వెళ్లిపోయారు. కర్టెన్లు కావలసినవాళ్లు మాత్రం ఎప్పటిలాగే పాత షాపుకే వచ్చారు. పాత షాపు సంపాదనంతా కొత్త షాపు అద్దె మింగేసింది.

ఖాళీ చేద్దామంటే, మూడేళ్ల అద్దె కట్టి తీరాలని అగ్రిమెంటులో ఉంది. కుర్ర ఆడిటర్ని అడిగితే, “అగ్రిమెంట్లు చదవడం మన ప్యాకేజీలో లేదు సార్,” అన్నాడు.

ఇక మిగిలింది కుట్టు మిషన్లు అమ్ముకోవడమే. అవి పోతే పాత షాపూ పోయినట్టే.

చివరి ఆశగా షాపు యజమానురాలి ఇంటికి బయల్దేరారు. అంతా బ్రోకరే నడిపించాడు గనక ఆవిణ్ణి వాళ్లెప్పుడూ చూడలేదు.

తలుపు తీసింది జుట్టు నెరిసిన పెద్దావిడ. కర్టెన్లావిడ గుమ్మంలోనే ఒక్క గుక్కలో అంతా చెప్పేసి, ఏడుపు ఆపుకోలేకపోయింది.

“ఊరుకో అమ్మా, ఊరుకో. తాళాలు ఇచ్చెయ్యండి. మిగిలిన అద్దె కట్టక్కర్లేదు.”

మొగుడు తన చెవుల్ని తనే నమ్మలేకపోయాడు. “నిజంగానా అమ్మా? నిజంగానే వద్దా?”

“అడిగితే ఈ ఇంట్లో మళ్లీ మాటలు ఆగిపోతాయి బాబూ, ఈసారి మా ఆయన వైపు నుంచి.”

“ఎందుకమ్మా?”

పెద్దావిడ తాళాలు అందుకుంటూ నవ్వింది. “ఏడాదిగా ఖాళీగా ఉన్న నా షాపుకి ఎవరో కర్టెన్లవాళ్లు వస్తే, వాళ్ల ఫీజు వాళ్లకిచ్చేసి, తీసుకోవద్దని చెప్పి పంపించానని మా ఆయన ఇంటికొచ్చి చెప్పిన రోజున, ఆయన్ని చెడామడా దులిపేసి, షాపు అద్దెకు పోయిందని తెలిశాక కూడా వారం రోజులు మాట్లాడలేదు నేను!”