చివరి మార్పు

“మళ్లీ కుడి కన్నే వచ్చింది సార్,” అంది వనజ, జాబితా కాగితం బల్ల మీద పెడుతూ.

వీరయ్యకు ఒళ్లు మండింది. జమ్లీకి శుక్లం ఉన్నది ఎడమ కంట్లో. కంప్యూటరులో ఆ తప్పును పొద్దుటి నుంచి మూడుసార్లు దిద్దాడు. మూడుసార్లూ నిమిషం తిరక్కుండానే కుడి కన్ను తిరిగొచ్చింది. పదకొండున్నరకు ఆపరేషను గదిలో డాక్టరు చేతికి వెళ్లేది ఆ జాబితాయే.

ఆ కంటి ఆసుపత్రికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో మూడు లినక్స్ సర్వర్లున్నాయి. ఏ ఊళ్లో ఫైలు చివరగా మారితే ఆ ప్రతే మిగతా రెండు ఊళ్లకూ చేరి పాతదాన్ని తుడిచేస్తుంది. ఆ ఏర్పాటు మహబూబాబాద్‌లో కంప్యూటర్లు చూసే వీరయ్యదే. భూపాలపల్లికి నెట్ నిన్ననే వచ్చింది. అంతకు వారం ముందే ఆయన వెళ్లి, అక్కడి సర్వరులో ప్రతి అమరికనూ స్వహస్తాలతో పెట్టి వచ్చాడు. ఆనాడూ సిబ్బంది కంటే పది నిమిషాలు ముందే ఉన్నాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్క రైలూ తప్పలేదని, చేతి గడియారం తట్టి మరీ చెబుతుంటాడు.

“పెన్నుతోని కొట్టేసి రాస్త సార్.”

“ఒక్క పేరు రాస్తవమ్మా. ఇంకెన్ని మారినయో ఎవలకెరుక? మనిషి కన్ను కాడ అందాజ పనికిరాదు.”

కురవి దగ్గరి తండా నుంచి వచ్చిన జమ్లీ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. “సారూ, గీ కుడి కన్నుతోనే జర మంచిగ కనబడ్తది. దీన్ని కోయకుండ్రి,” అంది.

వీరయ్య స్పీకరు పెట్టి భూపాలపల్లికి ఫోను కలిపాడు. అక్కడి ఆపరేటరు తిరుపతి ఎత్తాడు.

“నా దిద్దుబాటును తుడిచేస్తున్నది మీ సర్వరే. ఏం ముడ్తున్నవ్ తిరుపతీ?”

“ఏం ముడ్తలే సార్. మా ఊరోళ్ల పేర్లు ఎక్కిస్తున్న, సేవ్ చేస్తున్న. గంతే. పరేషానై నిమ్మకాయ గూడ కట్టిన.”

“లినక్సుకు గాలీ ధూళీ సోకవయ్యా. ఏ ఫలితానికైనా కారణం ఉంటది. ఆ కారణం ఇప్పుడు నీ కుర్చీల కూసున్నది.”

“గట్లంటరేంది సార్.”

“తప్పు మీదని తేలితే రేపు ఆ కుర్చీ ఉండదు. చివరిసారి సేవ్ చేసిందెప్పుడు?”

“ఇప్పుడే సార్. పదకొండుకు.”

వనజ ఫోను చూసుకుంది. “ఇంక పది యాభయ్యే గద సార్.”

వీరయ్య ముఖం వెలిగింది. గడియారం ముందు నడిచే సర్వరులోని పాత ప్రతి కూడా మిగతా రెండింటికీ కొత్తదిగానే కనబడుతుంది. “ముందు ఆ నెట్ తీగె పీకు,” అన్నాడు.

తీగె పీకాక మళ్లీ దిద్దారు. ఎడమ కన్ను ఈసారి కదలలేదు. వనజ కొత్త కాగితం పట్టుకుని డాక్టరు గదికి పరుగెత్తింది.

“ఇప్పుడు చెప్పు. గడియారం ముందుకు తిప్పిందెవరు?”

“టైము మీరు పెట్టిపోయిన కాన్నుంచి ఎవలం ముట్టలే సార్.”

ఆ అబద్ధాన్ని అక్కడికక్కడే తేల్చడానికి వీరయ్య మణికట్టు తిప్పి, గోడ గడియారంతో పోల్చి చూసుకున్నాడు.

తన గడియారమే పది నిమిషాలు ముందుంది.