శాలువా ఎవరు కప్పాలి?

“కిరణ్ గారికి శాలువా ఎవరు కప్పాలండీ?” యాంకర్ అనుపమ మైకును చేత్తో మూసి అడిగింది.

తెనాలిలో, నేను పుట్టిన ఊళ్ళో, నా పాటలకు సన్మానం. మగవాళ్ళకైతే సభాధ్యక్షుడే కప్పుతారు. ఆడవాళ్ళకైతే ఇంకో ఆడమనిషిని వేదిక మీదికి పిలుస్తారు. నేను మగా కాను, ఆడా కానని ఏనాడో టీవీ ఇంటర్వ్యూలో చెప్పాను.

అధ్యక్షులు బసవేశ్వరరావు గారు విప్పిన శాలువాతో అలాగే నిలబడిపోయారు. “ఏమీ అనుకోకండి. ఎవర్ని పిలవమంటారో మీరే చెప్పండి.”

“ఎవరైనా ఒకటేనండి.”

నిజంగానే ఒకటే. ఊరు మారుతుంది, శాలువా రంగు మారుతుంది. నేను తల వంచుతాను. ఏమీ అనిపించదు.

ముందు వరసలో ఎవరో నవ్వారు. వెనక నుంచి ఒకాయన లేచి మెట్లెక్కారు. నాన్న. ఆ ఇంటర్వ్యూ తర్వాత నాతో మాట్లాడటం మానేసిన మనిషి. వస్తారని నాకు తెలియదు.

“ఇటివ్వండి బసవేశ్వరరావు గారూ,” అన్నారు విసుగ్గా. “కొడుక్కైనా కూతురికైనా తండ్రి కప్పొచ్చుగా. దీనికింత చర్చేంటి?”

కప్పారు. ఫొటో తీశారు. చప్పట్లు ఆగిపోయాయి. నాన్న చేతులు మాత్రం నా భుజాల మీదే ఉన్నాయి.

“ఎముకలు తగులుతున్నాయి,” అన్నారు నాకు మాత్రమే వినపడేలా. “వేళకి తింటున్నావా?”

“లేదు నాన్నా.”

చిన్నగానే అన్నాను. ముందున్న మైకులోంచి హాలంతా వినిపించింది.