ముందు వరుసలో రెండు సీట్లు

"గెలిచింది నేను. అమ్మడానికి మీరెవరు?" థియేటర్ మెట్ల మీదే భార్య నిలదీసింది.

"నీ మొగుణ్ణి," అన్నాడు ప్లంబర్, మ్యాజిక్ షో టికెట్లు రెండూ విసనకర్రలా ఊపుకుంటూ. "నా డ్రిల్లింగ్ మిషన్ కాలిపోయింది. గోడకి చిన్న కన్నం పెట్టాలన్నా వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలుకోవాల్సొస్తోంది. ఈ డబ్బులొస్తే దాన్ని బాగు చేయించుకుంటా."

బట్టలసబ్బు కంపెనీ పెట్టిన పోటీలో "మా సబ్బు మీకెందుకిష్టం?" అన్న ప్రశ్నకి ఒకే ఒక్క వాక్యం రాసి పంపింది ఆమె. ఆ టికెట్లు బహుమతిగా వచ్చాయి.

"పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఏదో గెలిచానండీ!"

"మరి నన్ను గెలుచుకోలేదూ?"

"అది బహుమతి కాదు, శిక్ష. ఇదిగో, టికెట్ వెనకాల చూడండి. 'తిరిగి అమ్మరాదు' అని అచ్చేశారు."

"అదే కంపెనీ సబ్బు మీద 'మొండి మరకలు మాయం' అని కూడా అచ్చేసింది. నా చొక్కా చూడు."

చొక్కా చూసి నవ్వాపుకోలేకపోయింది. ఆ నవ్వు కోపాన్ని పాడుచేసిందని మళ్ళీ మూతి ముడుచుకుంది.

ప్లంబర్ గొంతు సవరించుకున్నాడు. "ముందు వరుస టికెట్లు! సగం ధరకే!" దారిన పోతున్న కాలేజీ కుర్రాళ్ళు ఆగారు. "మ్యాజిక్కా? ఫోన్లో బోలెడు వస్తున్నాయి కదా అంకుల్," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. పిల్లాణ్ణెత్తుకున్న ఒకాయన తల అడ్డంగా ఊపాడు.

ఇంతలో పక్క సందులోంచి నెరిసిన జుట్టుతో ఒక పెద్దాయన వచ్చాడు. మామూలు చొక్కా, అరిగిన చెప్పులు, చేతిలో టీ గ్లాసు.

"షో బాగుంటుందంటారా?" అడిగాడు.

"బాగుండడమా! ఏనుగుని మాయం చేసేస్తాడు సార్!"

"ఏనుగునే?" ఆయనకి టీ పొలమారింది. "మీరు చూశారా?"

"చూడకపోతే అమ్ముతానా?"

"చూసుంటే అమ్ముతారా?" అంది భార్య.

ఆయన పకపకా నవ్వి ఆమె వైపు తిరిగాడు. "నీకు చూడాలనుందా అమ్మా?"

ఆమె మొగుడి వైపు ఓసారి చూసి తలొంచుకుంది. "చిన్నప్పుడు మా స్కూల్లో ఒకాయన రుమాల్లోంచి పావురాన్ని తీశాడు బాబాయ్‌గారూ. ఆ రోజు ఇంటికెళ్ళి మా ఇంట్లో ఉన్న రుమాళ్ళన్నీ దులిపాను. మా అమ్మ చేత తన్నులు తిన్నాను గానీ, పావురం మాత్రం రాలేదు."

ప్లంబర్ టికెట్లు ఊపడం ఆపేశాడు. పెళ్ళయిన ఇన్నాళ్ళలో ఈ సంగతి తనకెప్పుడూ చెప్పలేదు. తనూ అడగలేదు. మిషన్ సంగతి తర్వాత చూసుకోవచ్చులే అని నోటిదాకా వచ్చింది. కానీ అప్పటికే ఆయన పర్సు తీసి, సగం కాదు, పూర్తి ధర చేతిలో పెట్టేసి టికెట్లు లాక్కున్నాడు.

"అయ్యో, ఆగండి మాస్టారూ," అన్నాడు ప్లంబర్ నీళ్ళు నములుతూ. "అమ్మడం లేదండీ. మా ఆవిడ... మేమే వెళ్దామనుకుంటున్నాం. మీ డబ్బులు మీరు తీసుకోండి."

భార్య కళ్ళు ఇంతింతయ్యాయి.

"బేరం అయిపోయిందయ్యా. టికెట్లు ఇప్పుడు నావి," అన్నాడు పెద్దాయన. అని, ఆ రెండింటినీ ఆమె చేతిలో పెట్టాడు. "నా ఇష్టమొచ్చినవాళ్ళకి ఇచ్చుకుంటాను. పదండి లోపలికి."

"మరి డబ్బులు?"

"అవి మీవే."

ప్లంబర్‌కి అనుమానం వచ్చింది. ఒక నోటు తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. భార్య మోచేత్తో ఒక్కటి పొడిచింది.

"ఇందులో మీకేంటి సార్ లాభం?" అడిగాడు నోటు దించి.

పెద్దాయన ఖాళీ టీ గ్లాసు మెట్టు మీద పెట్టి, ఇద్దర్నీ లోపలికి తోసినంత పని చేశాడు.

"తొందరగా వెళ్ళి కూర్చోండి బాబూ, నేను కోటు తొడుక్కుని స్టేజీ ఎక్కాలి. ఇవాళ నా షోకి అమ్ముడైన టికెట్లు ఈ రెండే!"