పదో నంబరు చొక్కా

"తీసెయ్యవయ్యా వాణ్ణి. చూడలేక చస్తున్నాం."

ఆట మొదలైనప్పటి నుంచి సాంబమూర్తిది ఒకటే పాట. కొత్తపేట రైతు బజార్ వెనకాల మైదానంలో, ఆ ఆదివారం, గట్టు మీద కూర్చున్నవాళ్లు బంతిని వదిలేసి ఆయన్నే చూస్తున్నారు.

తీసెయ్యమన్నది ఇశ్రాయేలును. కొత్తపేట ఫుట్‌బాల్ టీమ్‌ను మధ్యలో నిలబడి ఆడించేది అతనే. బంతి ఎవరికి దొరికినా ముందు అతని కాలి దగ్గరికి రావాలి, అక్కణ్ణుంచే ముందుకు పోవాలి. టీమ్ గెలిస్తే అతని వల్లే, ఓడినా అతని వల్లే. వరసగా మూడు మ్యాచ్‌లు ఓడారు. ఇవాళ బాలాపూర్ మీద కనీసం డ్రా చేసుకోకపోతే లీగ్ నుంచి ఇంటికి పోవడమే.

"మోకాలు వాచిపోయింది, ఎడమ పక్కకు తిరగలేడు. బంతి దొరికితే వదలడు. వదిలేసరికి వాళ్లు నలుగురు వచ్చి మూగుతారు. ప్రాక్టీసుకు రాడు గానీ రాస్తారోకోకు మాత్రం ఠంచనుగా పోతాడు. మా వంశీని దింపండి."

ఆ చివరి మాటతోనే వచ్చింది చిక్కంతా. వంశీకృష్ణ సాంబమూర్తికి స్వయానా మేనల్లుడు. ఏడాదిగా బెంచీ మీదే ఉన్నాడు. ఎందుకున్నాడో అతని ఆట ఒక్కసారి చూసినవాళ్లకు తెలుసు.

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సులు లేవు. ఎల్బీనగర్ చౌరస్తాలో రోజూ రాస్తారోకోలే. పెళ్లి ఊరేగింపుకు కూడా బందోబస్తు పెడుతున్న కాలం కాబట్టి, మైదానం గేటు దగ్గర పోలీసు జీపు ఆగి ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు. అలాంటి రోజుల్లో ఒక గుంటూరు మనిషి అంతమంది మధ్య లేచి నిలబడి, తెలంగాణ పిల్లవాణ్ణి తీసేసి నా మేనల్లుణ్ణి పెట్టండి అంటున్నాడు. బుద్ధి ఉన్నవాడు చేసే పనేనా?

ఆటో నడిపే మట్టయ్య లేచాడు.

"ఏంది సార్ మీ లొల్లి? గా పిలగాడు మీ ఇంట్ల కిరాయికి ఉండేటోడే గద. జర ఇజ్జత్ ఇయ్యరాదు?"

"కిరాయి వేరు, ఆట వేరు మట్టయ్యా."

"ఆట గాదు సార్. వాడు జెండ పట్టిండని మీకు మంట."

వెనక నుంచి ఎవరో మట్టిపెళ్ల విసిరారు. సాంబమూర్తి భుజానికి తగిలింది. దులుపుకొని మళ్లీ అందుకున్నాడు.

"తీసెయ్యండి వాణ్ణి."

హాఫ్ టైమ్‌కి చెరొక గోలు. కొత్తపేట గోలు ఇశ్రాయేలు ఇచ్చిన పాస్ వల్లే వచ్చింది. ఇంకొకడైతే అంతటితో నోరు మూసుకునేవాడు. సాంబమూర్తి మాత్రం గట్టు దిగి, ఆటగాళ్లు నీళ్లు తాగుతున్న గోడ వెనక్కి వెళ్లాడు. మేనేజర్ అంతయ్య ఆయనకు అడ్డం నిలబడ్డాడు.

"సార్, ఎన్నేండ్ల సంది చూస్తున్నరు మన ఆట. ఇయ్యాల వీడు లేకుంటే మునుగుతం. మీకెర్క లేదా?"

"మునిగితే మునుగుదాం. వాణ్ణి మాత్రం తీసెయ్."

"నేను తియ్య."

సాంబమూర్తి అంతయ్యను పక్కకు నెట్టి, ఇశ్రాయేలు మెడ మీద చెయ్యి వేసి గోడ మూలకు లాక్కుపోయాడు. చెవిలో ఏదో అన్నాడు. పిల్లవాడి మొహం పాలిపోయింది. వెంటనే తన పదో నంబరు చొక్కా విప్పి వంశీకృష్ణ చేతిలో పెట్టాడు. ఆ టీమ్‌కి ఉన్నవి పదకొండు చొక్కాలే. ఎవరు బయటికి వస్తే వాళ్ల చొక్కా లోపలికి వెళ్లేవాడు తొడుక్కోవాలి, చెమటతో సహా.

"ఏమన్నడురా నిన్ను?" అని అంతయ్య అడిగాడు.

ఇశ్రాయేలు గోడ మూలనున్న మామూలు చొక్కా ఒకటి తీసి తొడుక్కున్నాడు. తల దించుకుని, మిర్చి బజ్జీల కోసం గేటు బయటికి పోతున్న జనంలో కలిసిపోయాడు.

ఆ తర్వాత జరిగింది చెప్పుకోకపోతేనే మేలు. వంశీకృష్ణ బంతి ఎటుంటే అటు పరిగెత్తాడు, బంతి తప్ప అన్నీ తగిలాయి. బాలాపూర్ ఇంకో రెండు గోల్స్ కొట్టింది. సాంబమూర్తి మళ్లీ గట్టెక్కి కూర్చున్నాడు. చివరి గోలు పడినప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపం అన్నవాడు గట్టు మీద ఒక్కడూ లేడు.

చివరి విజిల్ మోగింది. గేటు దగ్గరి పోలీసులు తిన్నగా మైదానంలోకి నడిచొచ్చి వంశీకృష్ణ రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఇశ్రాయేలంటే నువ్వేనా? చౌరస్తా కేసుల నీ పేరుంది. నడువ్."

"నేను వంశీకృష్ణనండీ. మామయ్యా, మీరైనా చెప్పండి వీళ్లకి."

ఎస్సై తల తిప్పి సాంబమూర్తిని చూశాడు. ఆట మధ్యలో పట్టుకుంటే జనం తిరగబడతారని అంతసేపూ ఓపిక పట్టిన మనిషి.

"ఏంది సార్ ఇది? పొద్దుగాల మీ ఇంటికొచ్చి అడిగితే, పదో నంబరు చొక్కా తొడిగినోడే ఇశ్రాయేలని మీరే గద చెప్పింది?"

"నేనే చెప్పానండీ," అన్నాడు సాంబమూర్తి.

 మట్టయ్య ముందుకొచ్చి ఆయన కాలరు పట్టుకున్నాడు.

"నీ ఇంట్ల ఉన్న పిలగాన్ని నువ్వే పట్టిస్తవా?"

సాంబమూర్తి విడిపించుకోలేదు.

అప్పటికి ఇశ్రాయేలు, సాంబమూర్తి ఇంటి నుంచి తెచ్చి పెట్టిన రెండో చొక్కా తొడుక్కుని, సాంబమూర్తి బండి మీద, తెనాలిలోని సాంబమూర్తి తమ్ముడి ఇంటికి పోతూ హయత్‌నగర్ దాటేశాడు.