వణుకు

“నా ఒరిజినల్స్ ఇచ్చేయండి సార్. సోమవారం రీసెర్చ్‌లో చేరాలి,” అంది ఫిజిక్స్ లెక్చరర్ వినీల.

భీమవరం దగ్గరి ఆ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో, ఉద్యోగంలో చేరిన రోజే డిగ్రీ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టేస్తారు.

“సెమిస్టర్ మధ్యలో కుదరదమ్మా,” అన్నారు ప్రిన్సిపాల్ తాతాజీ గారు. “అయినా నక్షత్రాల మీద రీసెర్చ్ ఏంటి?”

“నక్షత్రం లోపల అలలు పుడతాయండి. దాంతో వెలుగు సన్నగా వణుకుతుంది. ఆ వణుకును బట్టి నక్షత్రం ఎంతుందో, వయసెంతో చెప్పొచ్చు. దాని చుట్టూ తిరిగే గ్రహం సైజు కూడా తెలుస్తుంది.”

“అంత దూరం నుంచి లోపలిది తెలిసిపోతుందన్నమాట.”

ఆయన టీ కప్పు అందుకున్నారు. సాసర్ టకటకలాడింది.

“ఎదురుగా ఉన్న మీకే నా బాధ తెలియట్లేదండి. తాళం తీయడానికి ఒక్క నిమిషం పట్టదు కదా.”

ఆయన కప్పు కింద పెట్టేశారు. వేళ్లు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. మూడేళ్లలో వినీల ఆ వణుకును గమనించడం ఇదే మొదటిసారి.

“తాళంచెవి ఛైర్మన్ గారి దగ్గరుంటుందమ్మా,” అన్నారాయన, తలుపు వైపు చూసి గొంతు తగ్గించి. “నా దగ్గరే ఉంటే, పదకొండేళ్లుగా నా సర్టిఫికెట్లు అందులో ఎందుకుంటాయి?”