వాలులో ఎర్ర కారు

చెయ్యి వదిలింది ఒక్క క్షణమే. చెప్పు పట్టీ ఊడితే పెట్టుకోవడానికి వంగింది, అంతే. లేచి చూస్తే పక్కన లేడు.

మ్యూజియం వార్షికోత్సవం. ఆవరణ నిండా పాతకాలపు కార్లు. వాటి చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం.

"నాన్నా!" గొంతు చించుకుని అరిచింది. బ్యాండు మోతలో ఆ పిలుపు ఆమెకే వినబడలేదు.

నల్ల కారు చాటున చూసింది. లేడు. పందిరి కింద, ఐస్‌క్రీం బండి దగ్గర చూసింది. లేడు. అన్నయ్య ముందే అన్నాడు, "ఆ జనంలోకి తీసుకెళ్లకు, నీవల్ల కాదు" అని. తనే వినలేదు.

గేటు వైపు నుంచి వస్తున్న గార్డును ఆపింది.

"నీలం చొక్కా అండీ. చెయ్యి వదిలితే చాలు, తుర్రుమంటాడు. ఇంటి అడ్రసు కూడా చెప్పలేడు."

"కంగారు పడకమ్మా. కార్లంటే ఇష్టమా?"

"పిచ్చి! ఇక్కడికి తీసుకొస్తానంటేనే పొద్దున నాలుగు ముద్దలు తిన్నాడు."

"అయితే ఎక్కడికీ పోడులే. ఏ స్టీరింగో పట్టుకుని కూచునుంటాడు."

ఆ మాట పూర్తవకుండానే ఎవరో కెవ్వుమన్నారు.

వాలు మీద నిలబెట్టిన ఎర్ర కారు కదిలింది. చక్రం కింద పెట్టిన చెక్క ఎవరి కాలు తగిలి పక్కకు పోయిందో ఏమో. పెద్ద స్టీరింగు వెనక నీలం చొక్కా భుజం ఒక్కటే కనిపిస్తోంది. కింద గేటు దగ్గర బ్యాండువాళ్లు, బడి నుంచి వరసగా వచ్చిన పిల్లలు.

"తప్పుకోండి! తప్పుకోండి!" గార్డు పరుగందుకున్నాడు.

ఆమె అతణ్ణి దాటేసింది. ఒక చెప్పు ఎక్కడో జారిపోయింది. చూసుకోలేదు. కారు వేగం పుంజుకుంది. బ్యాండు ఠక్కున ఆగిపోయింది. టీచరు పిల్లల్ని గోడవైపు లాగేస్తోంది.

కీచుమని ఒకే ఒక్క చప్పుడు.

కారు గేటుకు బెత్తెడు దూరంలో ఆగింది.

ఆమె తలుపు లాగింది. లోపల బ్రేకు మీద కాలు, ముఖం నిండా బోసినవ్వు.

"అమ్మా, చూశావా! ఇంకోసారి పోదామా?"

"నా ప్రాణాలు తోడేశావు కదా!" అంది, ఏడుపూ నవ్వూ కలిసిపోయి.

రొప్పుతూ వచ్చిన గార్డు తొంగిచూసి నోరెళ్లబెట్టాడు.

"దిగు నాన్నా" అంటూ ఆమె, తనను కని పెంచిన ఎనభయ్యేళ్ల తండ్రిని, చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దింపింది.