నాలుగు వాటాల మిషన్

“ఆ తలుపు తీయండి శెట్టిగారూ. లోపల చూడకుండా నేను సంతకం ఎట్ల పెడతాను?”

అడిగినవాడు మద్రాసు కంపెనీ తరఫున మిషన్ సర్వీసుకు వచ్చిన కొత్త ఇంజనీరు ఫకృద్దీన్. సొంతూరు చిత్తూరే. గోవిందస్వామి శెట్టి లోపలి గది తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

“ఈడ తెరలు ఉండాయి, ప్రింటర్ ఉండాది. దుమ్ము తుడిచి కాగితం రాసియ్యి. లోపల నీకేం పని లేదు.”

తిరుపతి రైల్వేస్టేషన్ ఎదుట మేడ మీద శెట్టి కంప్యూటర్ పెట్టి రెండేళ్లయింది. లోపలి గదిలో కంటికి కనబడేది ఒకటే మిషన్. దాని కడుపులో మాత్రం నాలుగు. ఒక ఇంటిని నాలుగు వాటాలు చేసి బాడుగకిచ్చినట్టు, లెక్కలు చేయించుకునే ఒక్కో ఖాతాదారుకు ఒక్కో మిషన్. ఒకరి వాటా ఇంకొకరికి కనబడదు. బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీది పెద్ద వాటా. దాని మీదే మిగతా ఇల్లు నిలబడింది.

పొద్దున్నే వచ్చి, తెర ముందు కూర్చుని, ఒక్కోదాని పేరు కొట్టి నాలుగింటినీ లేపడం మునిలక్ష్మి పని. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మళ్లీ లేపాలి. ఆ మిషన్‌ను అమర్చి నాలుగు వాటాలు చేసిన ధనంజయ ఆమె భర్తే. అతను కామెర్లతో పోయినప్పుడు శెట్టి బియ్యం బస్తా పంపితే ఆమె గడప దాటనివ్వలేదు. “పనుంటే సెప్పు నాయనా, చేస్తా. ఊరికే తినను” అంది.

తెర ముందు పేర్లు కొడుతున్న ఆమె వేళ్లకేసి చూసి ఫకృద్దీన్ నవ్వాడు. “ఇదేం పని సామీ! లోపల నాలుగు లైన్ల ప్రోగ్రాం రాస్తే సాలు. కరెంటు రాంగానే నాలుగూ వాటంతటవే లేసి, ఎనకమాల వాటి పని అవి చేసుకుంటా ఉంటాయి. మనిషెందుకు?”

మునిలక్ష్మి వేళ్లు ఆగిపోయాయి. శెట్టి ఆ సంగతి గమనించాడు.

“వాటంతటవి లేసే మిషన్ నాకొద్దు. ఆయమ్మ చెయ్యి మంచిది. ఆ చేత్తో బోణీ అయితేనే నాకు యాపారం.”

“కంప్యూటర్‌కి బోణీనా? నిమ్మకాయలు కూడా కడతారా?”

“కడతా. గూడూరు నించి బుట్ట తెప్పించి కడతా. నీ అబ్బ సొమ్మేం పోయింది?”

అంతలో కరెంటు పోయింది. ఫ్యాను కూడా ఆగి, గదిలో ఉక్క పెరిగింది. పది నిమిషాలకు వచ్చింది. ఫకృద్దీన్ లోపలి గదికేసి రెండడుగులు వేయగానే శెట్టి రెండు చేతులూ తలుపుకు అడ్డంగా చాచాడు. అరవై ఏళ్ల మనిషి, చొక్కా చెమటతో వీపుకు అతుక్కుపోయింది.

మునిలక్ష్మి వంగి, ఒక్కో పేరూ నిదానంగా కొట్టింది. “లేసినాయి నాయనా, నాలుగూ” అంది.

ఫకృద్దీన్ సంచి మూసేశాడు. “సర్వీసు కాగితం లేని మిషన్‌లో గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు పని ఉంచరు. నన్నే అడుగుతారు. నేను అబద్ధం చెప్పలేను. సీజన్ నెత్తి మీదుండాది, ఆలోచించుకోండి.”

“ఆలోచించినాను పోబ్బా.”

ఏ సరుకు ఎప్పుడు వదిలించుకోవాలో, దేన్ని నష్టానికైనా అట్టిపెట్టుకోవాలో శెట్టికి ఎవరూ నేర్పక్కర్లేదు. పెద్ద వాటా ఖాళీ అయితే మిగతా మూడూ ఆరు నెలలు కూడా లాగవని తెలుసు. తెలిసీ తలుపు తీయలేదు.

మధ్యాహ్నం రెండింటికి బంగారుపాళ్యం నుంచి ఫోన్ వచ్చింది. శెట్టి రెండు మాటలు విని పెట్టేశాడు. పెద్ద వాటా పోయిందని మునిలక్ష్మికి అతని మొహం చూస్తేనే తెలిసింది.

“తలుపు తీసుంటే సరిపోయేది గదా నాయనా.”

“నీ పని నువ్వు సూసుకోమ్మా. సాయంత్రం లోపల కరెంటు ఇంకా ఎన్నిసార్లు పోతాదో.”

ఆమె లేచి కొంగు దోపుకుంది. వీధి తలుపు తాళంచెవి తెచ్చి అతని బల్ల మీద పెట్టింది.

“రేపట్నించి నేను రాను.”

“పిచ్చిదానా! నువ్వు రాకుంటే పొద్దున్నే వాటిని ఎవరు లేపుతారు?”

మునిలక్ష్మి గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ, వెనక్కి తిరక్కుండానే జవాబిచ్చింది.

“నేను రాకముందే అవి వాటంతటవే లేసుంటాయని నాకెప్పుడో తెలుసు నాయనా.”